శోకమును, హృదయమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలలో రెండవనాటి సాయంకాలము చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినపుడు, భారతమునుండి యొక ఘట్టమును చదివి అర్థము చెప్పుదునని వారు తలంచియుందురు. ఏటేట నేను చేయు పని యదియే. ఈ మారు హృదయమును గూర్చి మాటలాడ దలచితిని. కవులు వర్ణించు హృదయము కాదు. రొమ్మునందు కొంచెము ఎడమకు ఒరిగి, పిడికిలియంత పరిమాణమున నుండి, రోజునకు సుమారు లక్షసార్లు కొట్టుకొను కండరమును గూర్చియే చెప్పుచున్నాను. నేను వైద్యుడను గాను. మా నాయనగారివరకు మా యింట కరణీకము నడచినది. 1984లో ఆ పదవులు రద్దయినవి. నేను సహకార సంఘమున లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. నాకు వచ్చిన నాలుగు ముక్కలును ఈ గ్రంథాలయపు బల్లమీద మోచేతులూని నేర్చినవే. నా మాటలలో తప్పులున్నచో వైద్యులు దిద్దుదురు గాక. నా పద్దులను ఏటేట ఆడిటరుగారు దిద్దుచునే యున్నారు. నాకది క్రొత్త గాదు.

మన తెలుగునందు గుండెను గూర్చిన పలుకుబళ్ళు ఎన్ని యున్నవో ఒకసారి తలచుకొనుడు. గుండె జారినది, గుండె ఝల్లుమన్నది, గుండె చెరువైనది, గుండెలవిసిపోయినవి, గుండె దిటవు చేసికొన్నాడు. ఎవరైనను శోకమున కన్ను మూసినచో "గుండె పగిలి పోయినాడు" అందుము. ఇవన్నియు అలంకారములే యని చదువుకొన్నవారు చాలకాలము తలచిరి. దుఃఖము మనస్సునకు గాని, గుండె అను కండరమునకు దానితో పని లేదని చెప్పుచు వచ్చిరి. మన ముసలమ్మలు మాత్రము తమ మాటను మార్చుకొనలేదు. వారి మాటలో కొంత నిజము కలదని గడచిన ముప్పదియైదేండ్లలో వైద్యులు ఒప్పుకొనిరి. ఆ యొప్పుకోలు కథయే నేడు చెప్పబోవునది. అందు నా యింటి కథలు రెండు కలవు. వానిని చెప్పుటకు నాకు కొంత సంకోచముగానే యున్నది.

మొదటిది 1977 నాటిది. ఆ యేట నవంబరు 19, శనివారమునాడు దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను గూర్చి ఈ సభలో ఏబదియేండ్లు దాటినవారికి నేను చెప్పనక్కరలేదు. సముద్రము దాదాపు ఐదు మీటర్ల యెత్తున లేచి ఊళ్ళమీదికి నడచి వచ్చినది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు తీరగ్రామముల పేర్లు ఆ దినములలో వినని చెవి లేదు. ప్రభుత్వపు లెక్కలే మృతులను పదివేలవరకు చెప్పినవి. జనులు అంతకు మించి చెప్పుదురు. అంతకు నూటపదమూడేండ్లకు ముందు, 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో ముప్పదివేలమంది పోయిరని చరిత్రలో నున్నది. మన సీమకు సముద్రముతో నున్న బాకీ అట్టిది.

మాది గుడివాడకు తూర్పున నున్న యూరు. మాకు గాలియే గాని నీరు రాలేదు. తాటిచెట్లు విరిగినవి, చావిడి కప్పు లేచిపోయినది, అంతే. కాని మా నాయనమ్మ పుట్టినిల్లు నాగాయలంకకు దిగువన నుండెను. ఆమె తమ్ముడును, మరదలును, వారి పిల్లలును, పిల్లల పిల్లలును కలిసి యెనిమిదిమంది ఆ యింట నుండిరి. నాలుగవనాడు ఒక మనిషి నడచివచ్చి అరుగుమీద కూర్చుండి, మంచినీళ్ళడిగి త్రాగి, "ఎవరూ లేరండీ" అని ఒక్క మాట చెప్పెను. నాకప్పటికి ఏడేండ్లు. నాయనమ్మ ఏడ్చునని భయపడి స్తంభము చాటున నిలిచితిని. ఆమె ఏడ్వలేదు. కుడి అరచేయి రొమ్మునకు ఆనించి అట్లే కూర్చుండెను. ఆ రాత్రి పరుండలేకపోయెను. పరుండినచో ఊపిరి యాడదని స్తంభమునకు చేరగిలబడి కూర్చుండెను. "గుండె దిటవు చేసుకోండమ్మా" అని అందరును చెప్పిరి. శొంఠికషాయమిచ్చిరి. మూడవ రాత్రి తెల్లవారుజామున ఆమె అట్లే కూర్చుండి పోయెను.

ఆ వారముననే మా నాయనగారు కరణముగా ఉప్పెన నష్టముల పట్టికలు వ్రాయుచుండిరి. పడిన యిండ్లు, పోయిన పశువులు, చచ్చిన మనుష్యులు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడి. తన తల్లి పేరు అందేగడిలోను వ్రాయుటకు లేదు. ఆమె నీటిలో మునుగలేదు, గోడ క్రింద పడలేదు. "దిగులుతో పోయింది" అని యింట చెప్పుకొంటిమి. దిగులునకు గడి లేదు. ఆయన ఆ మాటను ఎన్నడు నోట పలుకలేదు గాని, ఆ పట్టికల నకలును చనిపోవువరకు పెట్టెలో దాచుకొనెను. ఎందులకని నేనడుగలేదు.

ఇక కావ్యముల సంగతి. వాల్మీకి రామాయణమున దశరథుడు రాముడు వెడలిన ఆరవనాటి రాత్రి పుత్రశోకముతో ప్రాణము విడచెను. అంతకు ముందు ఆయన చూపు మందగించినది. కౌసల్యను కానలేక, చేతితో తాకుమని వేడుకొనెను. బాణుని కాదంబరిలో చంద్రాపీడుడు మిత్రుడైన వైశంపాయనుని మరణవార్త విన్నంతనే గుండె పగిలి కూలెను. భవభూతి రాముని హృదయము బ్రద్దలగుటకు సిద్ధమై బ్రద్దలుగాక నిలుచును. అదియు సామాన్యమగు బాధ కాదు. ద్రోణుడంతవాడు ఒక్క తప్పుడు వార్త చెవిని బడగానే యస్త్రములను విడచెను. వైద్యగ్రంథములు కూడ ఈ సంగతిని విడువలేదు. చరకుడు హృద్రోగమునకు కారణములను చెప్పుచు చింతను, భయమును, త్రాసమును పేర్కొనెను. సుశ్రుతుడు ఓజస్సు క్షీణించుటకు కోప శోకములను కూడ కారణములుగా చెప్పెను. వారు గుండెను ఎకో యంత్రములో చూడలేదు. రోగి ముఖమును చూచిరి.

అయితే ఒక్క విషయమున మన కవులతో నాకు పేచీ కలదు. వారు శోకమరణమును రాజులకును రాకుమారులకును ఇచ్చిరి. స్త్రీలకు మూర్ఛను మాత్రము ఇచ్చిరి. రాణి మూర్ఛిల్లును, చెలికత్తెలు వచ్చి పన్నీరు చిలుకరింతురు, తాటాకు విసనకఱ్ఱతో విసరుదురు, చందనము పూయుదురు, ఆమె తేరుకొని మరల విలపించును. ఈ శిశిరోపచారముల పద్ధతి మన యిండ్లలోనికి కూడ వచ్చి స్థిరపడినది. వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్న లెక్క దీనికి సరిగా తలక్రిందులు. నేను చెప్పబోవు వ్యాధి వచ్చినవారిలో పదింట తొమ్మిదిమంది స్త్రీలు. అందును ముట్లుడిగినవారే యెక్కువ.

రెండవ కథ 2018 వేసవి నాటిది. మా అక్కయ్య నాకంటె పదునాలుగేండ్లు పెద్ద. నన్ను చంకనెత్తుకొని పెంచిన మనిషి. పాడి చూచుకొని, కూలీల లెక్క చూచుకొని, ముగ్గురు పిల్లలను చదివించినది. ఆ యూర ధైర్యమునకు ఆమె పేరే చెప్పుదురు. ఆనాడు బావగారును నేనును పొలము కాగితముల పనిమీద బందరు వెళ్ళితిమి. కోనేరు సెంటరులో బస్సు దిగి నాలుగడుగులు వేయునప్పటికి ఆయన కూలిపోయెను. ఆసుపత్రికి చేర్చులోపలనే ప్రాణము పోయెను. నేను బయటికి వచ్చి అక్కయ్యకు ఫోను చేసితిని. నేను చెప్పిన మాటలు నాకిప్పటికిని గుర్తున్నవి: "అక్కయ్యా, బావగారు పోయారు. బండి మాట్లాడుతున్నాను. మూడు వేలడుగుతున్నాడు. రెండింటికల్లా వచ్చేస్తాం." పద్దు చదివినట్లు చదివితిని. ఎదుటనున్న మనిషి నిలుచున్నదో కూర్చున్నదో, ఇంట నొంటరిగా నున్నదో అడుగలేదు. ఆవలినుండి మాట రాలేదు. ఫోను తెగినదని తలంచితిని.

మేము చేరునప్పటికి ఆమె గోడకానుకొని కూర్చుండియున్నది. నొసట చెమటలు. చేయి రొమ్ముమీదనే యున్నది. "తమ్ముడూ, గుండెల మీద తిరగలి పెట్టినట్లుందిరా" అనెను. చుట్టునున్న యాడవారు "ఏడుపు గొంతులో ఆగిపోయింది, ఒక్కసారి ఏడిస్తే తేలికపడుతుంది" అనిరి. ఒకరు ముఖమున నీళ్ళు చిలుకరించిరి. ఒకరు గ్యాసు మాత్ర తెచ్చి యిచ్చిరి. నేను కట్టెలకు, పాడెకు, బంధువులకు కబురులకు తిరుగుచుంటిని. నాయనమ్మ స్తంభమునకు చేరగిలబడి కూర్చుండిన భంగిమను ఏడేండ్లనాడే చూచియు, ఆనాడు నాకది తట్టలేదు. దీనిని నేను ఎవరిమీదను వేయజాలను.

పరామర్శకు వచ్చిన నర్సమ్మ యొకతె అక్కయ్య చేయి పట్టుకొని నాడి చూచి, నావైపు తిరిగి, "అన్నయ్యగారూ, ఇది ఏడుపు కాదండీ. 108కి ఫోన్ చెయ్యండి" అనెను. అప్పుడు ఇంట పెద్ద రభస జరిగినది. శవము లేవకమునుపు భార్య గడప దాటుట యెట్లని పెద్దలు కొందరు పట్టుబట్టిరి. చేయవలసిన తంతు మిగిలియున్నదనిరి. ఒక పెద్దాయన "రేపు లోకం నిన్నంటుంది" అని నన్ను హెచ్చరించెను. నేను కొంతసేపు ఎటును చెప్పలేక నిలుచుంటిని. తుదకు మా మేనల్లుడు, "అమ్మ కూడా పోతే ఏ తంతు చేస్తార్రా మీరు?" అని అరచెను. బండి వచ్చినది. అక్కయ్య బావగారి పాదములకు మ్రొక్కి బండి యెక్కినది. లోకము ఆ తరువాత అననే అన్నది; అది వేరు సంగతి.

గుడివాడలో తీసిన ఈసీజీ గుండెపోటని చెప్పినది. రక్తపరీక్షలో ట్రోపోనిన్ పెరిగియున్నది. ఇది గుండె కండరము దెబ్బతిన్నపుడు రక్తములోనికి వచ్చు పదార్థము. రాత్రికి రాత్రి విజయవాడకు తీసికొనిపోయితిమి. అచ్చట యాంజియోగ్రాం చేసిరి. హృదయ ధమనులన్నియు శుభ్రముగా నున్నవి. ఎచటను అడ్డు లేదు. ఇచట లెక్క కుదరలేదు. కాలువ మూసికొనినగదా చేను ఎండవలెను? కాలువనిండ నీరు పారుచుండగా చేను వాడియున్నది. డాక్టరుగారు నన్ను లోనికి పిలిచి ఎకో బొమ్మను చూపించిరి. గుండె యెడమ జఠరిక పైభాగము చక్కగా ముడుచుకొనుచున్నది. క్రిందిభాగము మాత్రము బుడగవలె ఉబ్బి కదలక నిలిచియున్నది. ఆరోగ్యవంతుల జఠరిక ఒక్కొక్క దెబ్బకు తనలోని రక్తమున నూటికి ఏబదియైదుకు పైబడి బయటికి నెట్టును. అక్కయ్యది నూటికి ముప్పదికి పడిపోయినది. ఆయన కలము తీసి కాగితముమీద సన్నని మెడయు గుండ్రని యడుగును గల కుండను గీసెను. అచ్చముగా మన తాటిచెట్లకు కట్టు కల్లులొట్టి. తరువాత ఆయన అడిగెను: "ఈమె ఈ మధ్య ఏదైనా చెడ్డ వార్త విన్నారా? ఎవరు చెప్పారు?" నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని.

ఆ వ్యాధికి పేరు టకోట్సుబో. అది జపాను మాట. అచటి జాలరులు ఆక్టోపసును పట్టుటకు సముద్రపుటడుగున దింపు కుండను అట్లు పిలుతురు. ఎనిమిది కాళ్ళ జంతువు కుండలో దూరి, అది తన యిల్లనుకొని కూర్చుండును; జాలరి త్రాడు లాగును. హిరోషిమాకు చెందిన సాటో అను వైద్యుడును ఆయన సహచరులును 1990లో ఈ స్థితిని వర్ణించి, ఉబ్బిన జఠరిక ఆ కుండను పోలియున్నదని ఆ పేరు పెట్టిరి. అనగా మా నాయనమ్మ పోయిన పదుమూడేండ్లకు గాని ఆ వ్యాధికి పేరే పుట్టలేదు. ఆమెకు వచ్చినది ఇదియేయని నేడు తేల్చుటకు వీలులేదు. శోకము నిజమైన గుండెపోటును కూడ తేగలదు. ఆప్తుడు మరణించిన మొదటి దినమున ఆ ముప్పు ఇరువదియొక్క రెట్లు పెరుగుచున్నదని 2012లో అమెరికాలో ప్రకటించిన పరిశోధనయొకటి చెప్పినది. ఏదైనను, పరుండలేక కూర్చుండి ఊపిరి తీయుట గుండె చేయు మొర. మేము దానిని దిగులనుకొంటిమి.

దుఃఖము చెవినుండి గుండెకు చేరు మార్గమేది? పిడుగువంటి వార్త విన్నపుడు మెదడు ఆపద వచ్చినదని నాడులద్వారా శరీరమునకు ఆజ్ఞ యిచ్చును. మూత్రపిండములపై టోపీలవలె నున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవమును రక్తములోనికి చిమ్మును. గుండెకు చేరిన నాడుల కొనలును అట్టి పదార్థమునే విడుచును. పులి యెదురైనపుడు పరుగెత్తుటకు ప్రకృతి యిచ్చిన బలమిది. మితముగా వచ్చినపుడు గుండెను అదలించి వేగముగా నడుపును. వరదగా వచ్చినపుడు ఆ కండరము మొద్దుబారిపోవును. గుండె కొనభాగమున ఈ ద్రవమును గ్రహించు స్థానములు ఎక్కువ యగుటచే ఆ భాగమే ముందు చతికిలబడునని వైద్యుల యభిప్రాయము. సన్నని రక్తనాళములు బిగిసికొనుటయు కారణము కావచ్చునందురు. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజన్ తగ్గి, గుండెకు దానివలన నున్న రక్షణ సన్నగిల్లుటచే స్త్రీలకు ఇది యెక్కువగా వచ్చునని ఒక వాదము. అన్నియు ఇంకను తేలలేదు, పరిశోధన సాగుచున్నది.

2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఇట్టి రోగులను పందొమ్మిదిమందిని పరీక్షించి, వారి రక్తములో అడ్రినలిన్ వంటి పదార్థములు, తీవ్రమైన గుండెపోటు వచ్చినవారి కంటె రెండుమూడు రెట్లు ఎక్కువగా నున్నవని చూపిరి. ఆ పందొమ్మిదిమందిలో పదునెనిమిదిమంది స్త్రీలే. వారిని పడగొట్టిన కారణములను చదివితిని. సగమువరకు ఆప్తుల మరణములు. మిగిలినవానిలో దొంగల భయము, కోర్టు బోనెక్కుట, చెప్పకుండ చేసిన విందు, చివరకు సభలో ఉపన్యసింపవలెనను బెదురు కూడ కలదు. ఈ మాట చదివిన తరువాత నేడు ఈ వేదిక యెక్కుటకు కొంచెము జంకితినని మీతో మనవిచేసికొందును.

అయితే ప్రతిదానికి శోకమే కారణమనుటయు పొరపాటు. 2015లో ఐరోపా, అమెరికా ఆసుపత్రులు కలిసి 1750మంది రోగుల వివరములు ప్రకటించినవి. వారిలో నూటికి ఇరువదియెనిమిదిమందికి మానసిక కారణము. ముప్పదియారుగురికి శస్త్రచికిత్స, ఆయాసము, అంటువ్యాధి వంటి శారీరక కారణము. మిగిలినవారిలో పెక్కుమందికి ఏ కారణమును కానరాలేదు. సగటు వయస్సు అరువదియేడు. కొన్నాళ్ళకు తగ్గిపోవు వ్యాధి కావున ఇది తేలికయైనదని మొదట తలచిరి. ఆ లెక్క ఆ భ్రమను తొలగించినది: ఆసుపత్రిలో నుండగనే నూటికి నలుగురు మరణించిరి. ఉబ్బిన భాగములో రక్తము గడ్డకట్టవచ్చును. గుండె లయ తప్పవచ్చును. ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. మగవారికి అరుదుగా వచ్చును గాని, వచ్చినపుడు వారికే ప్రమాదమెక్కువ. కొందరికి మరల కూడ వచ్చును.

ఇందలి అద్భుతము ఒకటి కలదు. ధమని మూసికొనిన గుండెపోటులో కండరము చచ్చును, చచ్చిన చోట మచ్చ మిగులును. ఇందులో కండరము చావదు, మూర్ఛపోవును, అంతే. అనగా కవులు రాణులకిచ్చిన మూర్ఛ ఇందు గుండెకే వచ్చును. రోజులలోనో వారములలోనో అది మరల ముడుచుకొనుట నేర్చుకొనును. అక్కయ్యకు ఆరు వారములు పట్టినది. రెండవసారి ఎకో తీసినపుడు ముప్పది యేబదియెనిమిది యయినది. లొట్టి మాయమై గుండె గుండెవలె నున్నది. అలసట మాత్రము ఏడాదివరకు పోలేదు. చాలమందికి అట్లే యుండునని ఇప్పుడు వైద్యులు గుర్తించుచున్నారు. గుండె బాగైనదని యంత్రము చెప్పగానే మనిషి బాగైనదని ఇంటివారు పనులప్పగింపరాదు. మేము అప్పగించితిమి. పాలకేంద్రమునకు నడచిపోయి మధ్యదారిలో ఆమె కూర్చుండిపోయినది.

భూకంపముల తరువాత ఈ వ్యాధి గుంపులుగా కనబడుచున్నది. 2004 అక్టోబరులో జపానులోని నీగాత ప్రాంతమున భూమి కంపించిన పిమ్మట ఈ రోగుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగినది. 2011 ఫిబ్రవరిలో న్యూజిలాండు దేశపు క్రైస్ట్ చర్చ్ నగరము కూలినపుడును అంతే. కొద్దిరోజులలో పలువురు స్త్రీలు ఇట్టి గుండెలతో ఆసుపత్రికి వచ్చిరి. ఇవి చదువునపుడు నాకు దివిసీమయే కన్నులలో మెదలినది. 1977లో మన పల్లెలలో ఎకో యంత్రము లేదు, వ్యాధికి పేరు లేదు. శవములను వెదకి దహనము చేయుటకే మనుషులు చాలని దినములవి. తడి బట్టలతో గట్టుమీద కూర్చుండి, పిల్లల పేర్లు చెప్పుకొనుచు, రొమ్ము పట్టుకొని ఒరిగిపోయిన తల్లుల మాట ఆ రోజులలో రెండుమూడు నోళ్ళ నేను వింటిని. వారిని ఏ గడిలో వ్రాసిరో?

మీలో కొందరడుగవచ్చును: ఇంటిలో చూచి ఇది గుండెపోటో, ఈ మూర్ఛయో ఎట్లు పోల్చుట? పోల్చలేము. పెద్ద వైద్యులే యాంజియోగ్రాం తీయక చెప్పలేరు. నొప్పి ఒక్కటే, చెమట ఒక్కటే, ఆయాసము ఒక్కటే. కావున శోకగృహమున నెవరైనను రొమ్ములో బరువన్నచో, ఊపిరాడుటలేదన్నచో, అది యేడుపని మనము తీర్పు చెప్పరాదు. ఏడ్చినచో తగ్గునని యెదురుచూడరాదు. శవము లేచిన తరువాత చూతమనరాదు. మన పూర్వులు చావింట పాటించిన మర్యాదలలో మంచివి చాల గలవు. పొయ్యి వెలిగింపకుండుట, ఇరుగుపొరుగు వండి తెచ్చుట, పది దినములు మనిషిని ఒంటరిగా విడువకుండుట, ఇవన్నియు గుండెకు మందులే యని నా నమ్మకము. కాని ప్రాణముమీదికి వచ్చినపుడు గడప దాటవద్దనుట ఏ స్మృతిలోను నాకు కానరాలేదు. చూపగలవారు చూపినచో, ఈ గ్రంథాలయముననే కూర్చుండి చదివెదను.

"అది గుండె ధైర్యము లేనివారికి వచ్చు జబ్బు" అని ఒకరు నాతో ననిరి. నేను కోపగించుకొంటిని. మా అక్కయ్య ధైర్యమెట్టిదో ఆయనకు తెలియదు. ధైర్యము మనస్సుది, అడ్రినలిన్ దాని ఆనతికై వేచియుండదు.

ఇక వార్త చెప్పుటను గూర్చి. ఒకప్పుడు చావుకబురు మనిషి తెచ్చెడివాడు. వాడు అరుగుమీద కూర్చుండి, నీళ్ళు త్రాగి, ఒంట్లో బాగులేదని మొదలుపెట్టి, మెల్లగా అసలు మాటకు వచ్చెడివాడు. ఆ నాన్చుటలో నొక నేర్పు కలదు. వినువాడు కూర్చుండుటకు, ప్రక్కవారు చేరుటకు వ్యవధి చిక్కెడిది. నాయనమ్మకు కబురు తెచ్చినవాడును నీళ్ళడిగెను గాని, పాపము, అతడును నాలుగు దినములు శవములమధ్య నడచి వచ్చినవాడు. అతనికి నాన్చు శక్తి మిగిలియుండలేదు. నాకేమి వచ్చినది? చేతిలో ఫోనున్నది, నోట తొందర యున్నది. ఇప్పుడు నేను అట్టి కబురు చెప్పవలసివచ్చినపుడు ముందుగా ఆ యింటి ప్రక్కవారికి ఫోను చేయుదును. వారు పోయి ఆ మనిషి దగ్గర కూర్చుండిన తరువాత చెప్పుదును. అబద్ధము చెప్పను. ధర్మరాజు చెప్పిన సగము మాట ఏమి చేసినదో మనకు తెలియును. నిజమునే చెప్పుదును గాని, మనిషి కూర్చుండిన తరువాత చెప్పుదును.

అక్కయ్య నన్ను ఎన్నడును ఒక్క మాట అనలేదు. ఒక్క నియమము మాత్రము పెట్టినది. నేను ఫోను చేసినపుడెల్ల, "అందరూ బాగున్నారు" అనిన తరువాతనే అసలు సంగతి యెత్తవలెను. ఇప్పటికిని అట్లే చేయుచున్నాను. ఆ పరిశోధనలలో ఇంకొక వింత చదివితిని: మనస్సు కదలి ఈ వ్యాధి తెచ్చుకొనిన 485మందిలో ఇరువదిమందికి సంతోషవార్తయే కారణమట. పెండ్లి, పుట్టినరోజు, మనుమడు కలుగుట వంటివి. గత సంవత్సరము మా మేనల్లునికి ఆడపిల్ల పుట్టినది. కబురు ముందు నాకే వచ్చినది. అక్కయ్యకు ఫోను చేసి, అందరును బాగున్నారంటిని, కూర్చున్నావా యని యడిగితిని, మంచినీళ్ళు ప్రక్కన పెట్టుకోమంటిని, ప్రక్కన ఎవరున్నారని యడిగితిని. ఆవలినుండి నవ్వు వినబడినది. "మనవరాలేగా? పొద్దున్నే పిల్లాడు ఫొటో పంపాడురా. దీనికి కూడా ఇంత నాన్చాలా?" అనెను.